ఇద్దరం దూకిన మడుగు

సిద్దికా, నేనూ ఇద్దరం వంతెన మీద నుంచి దూకింది చావడానికి కాదు. ఆ ఏడాది మిరప కోతలు సాగినన్నాళ్ళూ ఈ ముక్క ఎంతమందికి చెప్పానో. పోలీసులకి చెప్పాను, పాస్టరుగారికి చెప్పాను, మా అమ్మ చేత దెబ్బలు తింటూ చెప్పాను. చివరికి ఎవరూ అడగకపోయినా చెప్పే స్థితికి వచ్చాను.

మాది గుండ్లకమ్మ ఒడ్డున ఊరు. మిరప చేలు ఎక్కువగా ఏటికి అవతల ఉంటాయి. అక్కడికి పోవాలంటే పాత వంతెన దాటాలి. పక్కనే కొత్త వంతెన వేశాక చీమకుర్తి గ్రానైటు లారీలన్నీ దాని మీదకి మళ్ళాయి. పాతదాని మీద గేదెలు, కూలీల ఆటోలు, మేము మిగిలాం. దిగువన చెక్‌డ్యాం ఉండబట్టి పాత వంతెన కింద మడుగులో నడి వేసవిలో కూడా నిండా నీళ్ళుంటాయి.

మా నాన్న వెంకయ్య బావుల్లో మోటార్లు బాగుచేస్తాడు. నీళ్ళ అడుగుకి మునిగి పైపు చివర ఫుట్‌వాల్వులో ఇరుక్కున్న చెత్త తీసి వస్తాడు. చిన్నప్పుడు నాకూ సిద్దికాకీ ఈత నేర్పింది ఆయనే. సిద్దికా వాళ్ళ నాన్న బాజీ మావయ్య దూది ఏకి పరుపులు కుడతాడు. వాళ్ళది మా పేట చివరి ఇల్లు. తల్లి లేదు, అక్క యాస్మిన్‌ని చీరాలలో ఇచ్చారు. అందుకని సిద్దికా సగం మా ఇంట్లోనే పెరిగింది. మా అమ్మ ఎలీసమ్మని అత్తా అని పిలిచేది. డిగ్రీ అయిపోయి ఇద్దరం ఖాళీగా ఉన్నామని ఆ ఏడు అమ్మ వెళ్ళే ముఠాలోనే కోతలకి కుదిరాం.

ఆ రోజు రెండో కోత. తేజ రకం కాయ, ఎండి గలగలలాడుతోంది. ఒంటి మీద మగవాళ్ళ పాత చొక్కాలు తొడుక్కుని, మొహానికి చున్నీ బిగించి కట్టుకున్నా ఆ ఘాటు ఎక్కడో ఒకచోట దూరుతుంది. పని దిగేసరికి మెడా, మణికట్లూ, కళ్ళ కిందా భగభగలాడుతూ ఉన్నాయి. ఆటోలో చోటు లేక మేమిద్దరం వెనక నడిచి వస్తున్నాం. పొద్దు ఇంకా బాగా ఉంది. వంతెన మధ్యకి వచ్చాక సిద్దికా ఆగి, పిట్టగోడ మీద నుంచి కిందకి చూసింది.

"దూకుదామా?" అంది.

"ఇక్కడ్నుంచా? పద, కిందకి పోయి బండ మీద నుంచి దూకుదాం."

"బండ మీద నుంచి చిన్నప్పట్నుంచీ దూకతానే ఉన్నాంగా. ఇక్కడ్నుంచయితే మగపిల్లలే దూకుతారు."

నాకు ఆ మాట చాలు. ఒళ్ళు మండిపోతోంది, కింద చల్లటి నీళ్ళు. చెప్పులు చెరో దిక్కున విడిచేసి పిట్టగోడ ఎక్కాను. సిద్దికా మాత్రం నిదానంగా చెప్పులు విప్పి జతగా పెట్టింది. చెవులకున్న కమ్మలు తీసింది. కమ్మలూ, ఫోనూ చున్నీలో మూటగట్టి చెప్పుల మీద ఉంచింది. కమ్మలు నీళ్ళలో పడిపోతాయని తీసిందనుకున్నాను.

"కాళ్ళు ముందు పోవాలి. నీళ్ళు తగిలే ముందు చెయ్యి వదిలెయ్," అన్నాను.

"సరే."

చెయ్యి పట్టుకుంది. పొద్దుటి నుంచి మిరపకాయ కోసిన చెయ్యి అది. నా చెయ్యి నిప్పులా ఉంది. తన చెయ్యి చల్లగా ఉంది.

గాల్లో ఉన్నంతసేపూ నేను అరుస్తూనే ఉన్నాను. భయంతో కాదు. అంత సంతోషం అంతకు ముందు నాకు తెలియదు. నీళ్ళు తాకగానే పొద్దుటి మంటంతా ఒక్కసారిగా ఆరిపోయింది. అడుగుదాకా పోయి, కాళ్ళు తన్ని, పైకి తేలి నవ్వుకుంటూ చుట్టూ చూశాను. సిద్దికా లేదు. ఆటపట్టిస్తోందని పేరు పెట్టి తిట్టాను. బుడగలు కొన్ని వచ్చాయి. తరవాత అవి కూడా రాలేదు.

అప్పుడు మునిగాను.

అడుగున పచ్చటి మసక. వంతెన కట్టినప్పుడు వదిలేసిన కాంక్రీటు దిమ్మె ఒకటి నాచు పట్టి పడి ఉంది. సిద్దికా దానికి ఆనుకుని ఉంది. చొక్కా అంచు ఇనప చువ్వకి తగులుకుంది. కానీ తను గింజుకోవడం లేదు. చేతులు ఊరికే నీళ్ళలో తేలుతున్నాయి. కళ్ళు తెరిచే ఉన్నాయి. నన్ను చూసింది. రోడ్డు మీద ఎవరో పోతుంటే అరుగు మీద కూర్చున్న మనిషి చూస్తుందే, అట్లా చూసింది. నేను చొక్కా చించి, జుట్టు దొరకబుచ్చుకుని పైకి లాక్కొచ్చాను.

బండ పట్టుకుని చాలాసేపు దగ్గింది.

"ఏమైందే?"

"చువ్వకి తగులుకుంది," అంది. కాసేపటికి నవ్వింది. నేనూ నవ్వాను. ఊపిరి దొరికాక నవ్వకుండా ఎవరుంటారు.

మేం పిట్టగోడ ఎక్కినప్పుడే కొత్త వంతెన మీద లారీ ఒకటి ఆగిందట. డ్రైవరూ, ఇంకెవరో ఇద్దరూ గట్టు దిగి పరిగెత్తుకొచ్చారు. మమ్మల్ని బరబరా ఒడ్డుకి లాగారు. మేం బండ పట్టుకునే ఉన్నాం, మాకు ఈత వచ్చు అంటే వినలేదు. డ్రైవరు నా చెంప మీద ఒకటి కొట్టి, "మీ అమ్మానాన్నా గుర్తుకు రాలేదటే మీకు," అన్నాడు. కొట్టిన మనిషే ఏడుస్తున్నాడు. వాళ్ళల్లో ఒకడు పైనుంచి అంతా ఫోనులో తీశాడని మాకు తరవాత తెలిసింది.

మేం తడిబట్టలతో పోలీసు స్టేషనుకి చేరేసరికే ఆ వీడియో ఊరంతా తిరిగింది. ఇద్దరు అమ్మాయిల ఆత్మహత్యాయత్నం, కాపాడిన లారీ డ్రైవరు. అప్పటికే మూటగట్టిన కమ్మలూ, జతగా పెట్టిన చెప్పులూ ఎస్సైగారి బల్ల మీద ఉన్నాయి.

"దూకే పిల్లలు కమ్మలు తీసి పెడతారా అమ్మా?" అన్నాడాయన. కసిరే మనిషి కాదు, నెమ్మదిగానే అడిగాడు.

"ఏట్లో పడిపోతాయని సార్. ఊరికే సరదాకి దూకాం."

ఆయన సిద్దికా వంక తిరిగాడు. "నువ్వు చెప్పమ్మా."

"సరదాకే సార్," అంది సిద్దికా, బల్ల వంక చూస్తూ.

ఇంకోసారి అట్టా చేయబోమని మా చేత చెప్పించి ఇళ్ళకి పంపేశాడు. బాజీ మావయ్య కూతురి భుజాల చుట్టూ తువ్వాలు కప్పి, ఒక్క మాట కూడా అనకుండా తీసుకెళ్ళాడు. మా అమ్మ గడప లోపలికి రానిచ్చి తలుపు వేసింది. వీపు మీద ఎడాపెడా బాదింది.

"ఎవుడే వాడు? చెప్పు. ఎవుడి కోసమే దూకారు ఇద్దరూ?"

"ఎవుడూ లేడే అమ్మా. ఒళ్ళు మండిపోతుంటే దూకాం."

"ఒళ్ళు మండితే మజ్జిగ రాసుకుంటారు. వంతెన మీద నుంచి దూకుతారా?"

నాన్న గుమ్మంలో నిలబడ్డాడు. అమ్మ అలిసిపోయి ఆగాక ఒకే ఒక్క మాట అడిగాడు. "కాళ్ళు ముందు పెట్టారా, తల ముందు పెట్టారా?"

"కాళ్ళే నాన్నా."

"అయితే ఇంక ఊరుకో," అని అమ్మతో అన్నాడు. నన్ను నమ్మింది ఆయనొక్కడే. ఆయన నమ్మాడు కాబట్టి నాకు ఊరందరితో తగువాడే బలం వచ్చింది.

తగువాడాను కూడా. చేలో సాళ్ళ వెంట కాయ కోస్తుంటే ఆడవాళ్ళు తలా ఒక కథ చెప్పేవాళ్ళు. సిద్దికాకి చీరాలలో ఎవరో ఉన్నారంట, నేను దానికి సాయం పోయానంట. కాదు, పరీక్ష తప్పామంట. మేస్త్రి రాజేశ్వరి అయితే, "ఆడపిల్లకి ఈత నేర్పడమేంటి వెంకయ్య, ఆయన్ననాలి," అంది. నేను సాలు విడిచిపెట్టి ఆమె మీదకి పోయాను. మా అమ్మ వచ్చి చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళింది.

పాస్టరుగారు ఇంటికి వచ్చి ప్రార్థన చేశారు. ప్రాణం దేవుడిచ్చిందని చెప్పారు. "అయ్యగారూ, నేను ప్రాణం తీసుకోబోలేదండి," అన్నాను. "మంచిదమ్మా, మంచిది," అంటూనే మళ్ళీ ప్రాణం గురించే ప్రార్థన చేశారు.

ఇంత జరుగుతుంటే సిద్దికా ఎవరితోనూ వాదించలేదు. ఎవరైనా అడిగితే, "మహిమ చెప్పిందిగా, అంతే," అని నన్ను చూపించేది. నా పక్క సాలులోనే కోసేది. నేను పోట్లాడి వచ్చిన ప్రతిసారీ నా బుట్టలో రెండు దోసిళ్ళ కాయ వేసి నాతో సమంగా నడిచేది. నాకు అండగా ఉందనుకున్నాను.

మూడో కోత సగంలో ఉండగా ఒక పొద్దున వంతెన దగ్గర చలమయ్య తాత కనపడ్డాడు. ఆయన మడుగులో తెప్ప మీద తిరుగుతూ వలలు వేస్తాడు. నేనొక్కదాన్నే ఉన్నాను. సిద్దికా ముందు ఆటోలో వెళ్ళిపోయింది.

"ఆ పిల్ల ఎట్టా ఉందమ్మా?" అని అడిగాడు.

"బాగానే ఉంది తాతా. మేం సరదాకి దూకాం. జనమే అనవసరంగా..."

"నువ్వు సరదాకే దూకావు. చెక్‌డ్యాం కాడ్నుంచి చూశాగా, అరుచుకుంటా దూకావు." వల విదిలించాడు. "ఆ పిల్ల ముందు రోజు కూడా వచ్చింది. ఒక్కతే. పిట్టగోడ ఎక్కి ఏటి వైపు కాళ్ళేసుకుని కూచుంది. ఎంతకీ కదలదు. పడతావు పిల్లా అని నేను కేకేశాక దిగిపోయింది."

ముందు రోజు సిద్దికా తలనొప్పని పనికి రాలేదు.

"పోలీసులకి చెప్పలేదా తాతా?"

"ఎందుకు చెప్తా? ఆడపిల్ల గదా. నీకు తెలిసే ఉంటదనుకున్నా."

ఆ రోజు నేను కోసిన కాయలో పచ్చికాయ ఎంత కలిసిందో, మేస్త్రి నన్ను ఎన్ని మాటలన్నదో నాకు గుర్తు లేదు. సాయంత్రం మా పశువుల పాక వెనక కూర్చుని ఆ వీడియో పెట్టుకుని చూశాను. అంతకు ముందు ఎన్నోసార్లు చూశాను, జనం రాసిన మాటలు చదివి తిట్టుకోవడానికి. ఈసారి నీళ్ళు చూశాను. ఇద్దరు పడతారు. ఒక తల తేలుతుంది. అటూ ఇటూ తిరుగుతుంది, నవ్వుతుంది, ఏదో అరుస్తుంది. రెండో చోట నీళ్ళు సర్దుకుని నున్నగా అవుతాయి. ఆ నవ్వే తల మునిగేదాకా చూసి ఆపేశాను. అంతసేపు నవ్వానని నాకు తెలియదు.

కల్లంలో తాలుకాయ ఏరే పని పడ్డప్పుడు అడిగాను. ఎర్రటి కాయ నేలంతా పరిచి ఉంది. తెల్లబడ్డ కాయ ఏరి పక్కన వేస్తున్నాం. మిగతావాళ్ళు అన్నాలకి చెట్ల కిందకి పోయారు.

"ముందు రోజు వంతెన మీదకి ఎందుకొచ్చావే?"

సిద్దికా చేతులు ఆగలేదు. "చలమయ్య తాత చెప్పాడా."

"ఊ."

"ఎంత ఎత్తుందో చూద్దామని."

తను ఇంకో నాలుగు కాయలు ఏరింది.

"చెప్పడానికి ఏమన్నా ఉంటే నీకు చెప్పేదాన్ని కాదా మహీ. పొద్దున్నే మెలకువ వస్తది. వచ్చాక ఇంక లేవాలని ఉండదు. అన్నం నోట్లో పెట్టుకుంటే మట్టి పెట్టుకున్నట్టు ఉంటది. మీరంతా నవ్వుతుంటే నేనూ నవ్వుతా. పత్తి తీతలప్పట్నుంచీ ఇంతే."

"ఎవరన్నా ఏమన్నా అన్నారా?"

"ఎవరూ ఏమీ అనలేదు. మా నాయన ఎప్పుడన్నా ఒక మాటన్నాడా నన్ను? ఊళ్ళో వాళ్ళు ఎవుడో ఉన్నాడంటున్నారే, ఎవుడన్నా ఉంటే బాగుండనిపిస్తది. ఫలానా అందుకని చెప్పుకోవచ్చు."

కల్లం మీద ఎండ నిలబడి ఉంది. మిరప ఘాటుకి ఇద్దరికీ కళ్ళల్లో నీళ్ళు కారుతూనే ఉన్నాయి. అందుకని ఎవరేడుస్తున్నదీ తెలియలేదు.

"మరి నన్నెందుకు పిలిచావు?"

ఆ మాటకి మాత్రం చేతులు ఆపింది.

"ఒక్కదాన్నే దూకడానికి భయమేసింది. నువ్వుంటే తీస్తావని తెలుసు." చేతిలో ఉన్న కాయని తిప్పి తిప్పి చూసింది. "తీస్తే బాగుండనుకున్నా. తియ్యకపోతే బాగుండనుకున్నా. రెండూ అనుకున్నానే. నన్ను తిట్టబాక."

"నేను సరదాకి దూకాను సిద్దికా."

"తెలుసు. నీ అరుపు నీళ్ళలోకి కూడా వినపడింది."

ఆ రాత్రి వంటింట్లో అమ్మకి చెప్పాను. నాన్నకి చెబుదామనుకున్నాను. కానీ నన్ను నమ్మిన మనిషి ముందు నిలబడి, నాన్నా నేను చెప్పింది సగమే నిజం అని ఎట్లా అనడం? తిట్టినా కొట్టినా అమ్మే నయమనిపించింది. అమ్మ కూర కలుపుతూ వింది.

"ఎందుకంట?" అంది.

"ఎందుకో తనకే తెలియదంట."

ఇంక మళ్ళీ కేకలు మొదలుపెడుతుందని చూస్తున్నాను. అమ్మ స్టవ్వు కట్టేసింది. గిన్నె మీద మూత పెట్టింది. పీట లాక్కుని నా ఎదురుగా కూర్చుంది.

"నీ తరవాతోడు పురిట్లోనే పోయాడు గదా," అంది. "ఆ ఏడు నాకట్టానే ఉండేది. పిల్లోడు పోయాడు కాబట్టి అట్టా ఉందన్నారు అందరూ. అది కాదు. పిల్లోడు కూడా గుర్తుకొచ్చేవాడు కాదు. మీ నాన్న పనికి పోతా పోతా నన్ను వెంటేసుకుపోయేవాడు. బావి గట్టు మీద కూచోబెట్టి తను కిందకి దిగేవాడు. దిగినోడు దిగినట్టు ఉండడే. కిందనుంచి మాట్లాడతానే ఉండేవాడు. నేను పలక్కపోతే పైకొచ్చేవాడు. ఎన్ని మోటార్లు సగంలో వదిలేశాడో."

ఇరవై ఏళ్ళుగా ఆ ఇంట్లో ఉన్నాను. అమ్మకి అట్లా ఉండేదన్న సంగతి ఎవరూ ఎప్పుడూ నా ముందు అనలేదు.

"అన్నం తిన్నదా అది?" అని అడిగింది అమ్మ. కూర గిన్నె పట్టుకుని బాజీ మావయ్య ఇంటికి బయల్దేరింది.

మావయ్యతో ఏం మాట్లాడిందో నాకు తెలియదు. మర్నాడు ఆయన కూతుర్ని దర్గాకి తీసుకెళ్ళి తాయెత్తు కట్టించాడు. ఆ ఆదివారం అమ్మ సిద్దికాని చర్చిలో తన పక్కన కూర్చోబెట్టుకుని ప్రార్థన చేయించింది. తరవాతి సోమవారం ముగ్గురూ ఒంగోలు బస్సెక్కి, మనసు బాగోలేనివాళ్ళని చూసే డాక్టరు దగ్గరికి వెళ్ళొచ్చారు. ఆయన మాత్రలిచ్చాడు. చాలాకాలం మానకుండా వేసుకోమన్నాడు. మావయ్య పొద్దునా రాత్రీ కూతురి ముందు నిలబడి, మింగిందాకా కదిలేవాడు కాదు. ఏది పనిచేసిందని ఎవరైనా అడిగితే మా అమ్మ, "అన్నీ చేశాయి," అంటుంది.

చేలో అమ్మ సాళ్ళు మార్చింది. తనకీ నాకూ మధ్య సాలు సిద్దికాది. అమ్మ గొంతు మామూలుగానే పక్క చేలోకి వినపడుతుంది. ఆ చివరి కోతలో అది ఆగింది లేదు. తన పెళ్ళి సంగతులు చెప్పింది. పోయిన ఏడు తుపానులో పోయిన మేక సంగతి చెప్పింది. రాజేశ్వరి చీరల సంగతి చెప్పింది. చెప్పింది వినకపోయినా పరవాలేదు, పలకాలి. "ఏమంటావే సిద్దికా?" అనేది ప్రతిదానికీ. "అవునత్తా," అనేది సిద్దికా. కొన్నాళ్ళు అదే మాట. ఒక రోజు మాత్రం, "మేక పోయింది తుపానులో కాదత్తా, అంతకు ముందే మీరు అమ్మారు," అంది. అమ్మ కోత ఆపి నడుం నిటారు చేసి నా వంక చూసింది. నేను తల వంచుకున్నాను. ఏడిస్తే చున్నీ తీసి తుడుచుకోవాలి. మిరప చేతులతో కళ్ళు తుడుచుకోకూడదు.

ఇంతలో ఎన్నికలు వచ్చి ఊరు మా సంగతి మరిచిపోయింది. నేను కూడా సరదాకి దూకామని చెప్పడం మానేశాను. అడిగినవాళ్ళకి, "అయిపోయిందిగా," అనేదాన్ని.

ఇప్పుడు సిద్దికా చీరాలలో అక్క దగ్గర ఉంటూ బట్టల షాపులో పనిచేస్తోంది. మాత్రలు తగ్గించారు. కాస్త ఒళ్ళు చేసింది. ఫోను చేస్తే నాకంటే తనే ఎక్కువ మాట్లాడుతుంది. మొన్న పండక్కి వచ్చినప్పుడు మధ్యాహ్నం మా ఇంటికొచ్చి, "ఏటికి పోదాం రావే," అంది.

వంతెన ఎక్కలేదు. కిందనుంచే, బండల మీదుగా వెళ్ళాం. మడుగు నిండుగా ఉంది. సిద్దికా చెప్పులు చెరో దిక్కున విడిచి, చుడీదారుతోనే నీళ్ళలోకి దూకింది. ఈదుకుంటూ నడిమికి వెళ్ళి, అక్కడ మునిగింది. నేను బండ మీద కూర్చుని తను మునిగిన చోటే చూస్తున్నాను. తేలింది. మొహం మీద నీళ్ళు విదిలించి నవ్వింది. ఆ నవ్వు నిజం నవ్వని నాకు తెలుసు. చిన్నప్పట్నుంచీ చూసిన నవ్వు అది.

"రావే మహీ. నీళ్ళు చల్లగా ఉన్నాయి."

"నువ్వు కానీ. నేను తరవాత దిగుతా."

అట్లా అనడం ఇది మొదటిసారి కాదు. ఆ కోతల తరవాత నేను నీళ్ళలో దిగలేదు. నాన్న బావి దగ్గరికి పిలిచినా ఏదో ఒక పని చెప్పి తప్పించుకుంటాను. దిగితే కళ్ళు తెరవాలి. తెరిస్తే అడుగున ఆ పచ్చటి మసక. అందులోనుంచి నన్ను చూసే చూపు. ఆ చూపు ఇప్పుడు సిద్దికా దగ్గర లేదు. అది నాకొక్కదానికే మిగిలింది.

సిద్దికా మళ్ళీ మునిగింది. నేను లేచి నిలబడ్డాను. నీళ్ళు సర్దుకుంటున్నాయి.

"సిద్దికా," అని పిలిచాను. తేలేదాకా పిలుస్తూనే ఉన్నాను.